ఏ పేటలో దిగుదాం?

హైదరాబాదు ప్రయాణమంటే మా మంగళగిరి ప్రాంతపు కుటుంబాలలో ముందుగా రైలు టికెట్ల మాట వస్తుంది. తరువాత చూడవలసిన వాటి జాబితా తయారవుతుంది. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, పిల్లల కోసం జూ పార్కు, ఆడవారి కోసం లాడ్‌బజారు. దిగవలసిన చోటు గురించిన ఆలోచన అన్నిటికంటే చివర వస్తుంది. వచ్చినా, అద్దె ఎంత అన్న ఒక్క ప్రశ్నతోనే అది తేలిపోతుంది. చౌకగా దొరికింది కదా అని నగరంలో ఏదో ఒక మూల దిగి, మూడు రోజుల ప్రయాణంలో సగం ఆటోలలోను, సిగ్నళ్ళ దగ్గర నిరీక్షణలోను గడిపి వచ్చిన బంధువులు మాకు చాలామంది ఉన్నారు. అడిగితే హైదరాబాదు చూసి వచ్చామనే అంటారు. గత నవంబరు చివర మూడు తరాలవాళ్ళం ఆరుగురం నాలుగు రోజుల కోసం ఆ నగరానికి బయలుదేరినప్పుడు మేము ఈ క్రమాన్ని తలకిందులు చేశాం. ముందు పేట, ఆ తరువాతే తక్కినవన్నీ.

పెద్ద నగరం సంగతి అటుంచి మా ఊరినే తీసుకుందాం. మంగళగిరికి నిత్యం ఎందరో వస్తుంటారు. కొండ మీది ఆలయానికి వచ్చే హిందూ సోదరులు, ఎయిమ్స్ ఆసుపత్రికి వచ్చే రోగులు, రాజధాని పనుల మీద వచ్చే ఉద్యోగులు. వారిలో చాలామంది జాతీయ రహదారి పక్కనున్న హోటళ్ళలో దిగుతారు. అక్కడి నుంచి కొండ కనిపిస్తుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807–09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురమూ కనిపిస్తుంది. అయితే పాత ఊరి చేనేత వీధులలో పొద్దున్నే మొదలయ్యే గుంట మగ్గాల చప్పుడు రహదారి దాకా రాదు. చీర కొంటారు, దాని అంచును నిజాం బోర్డరు అంటారని విని ముచ్చటపడతారు, ఆ అంచు మగ్గం మీద ఎలా పడుతుందో చూడకుండానే కారెక్కుతారు. పాత ఊరిలో ఒక్క రాత్రి నిద్రచేసినవారికి ఎవరూ చెప్పకుండానే తెలిసే సంగతి అది.

ఆ అంచు పేరును బట్టే తెలుస్తుంది, మా ప్రాంతానికి హైదరాబాదుతో ఉన్న బంధం నేటిది కాదు. గుంటూరు సర్కారు 1788లో ఆంగ్లేయ కంపెనీ చేతికి పోయేవరకు నిజాము ఏలుబడిలోనే ఉండేది. మా తాతగారు, అంటే అమ్మకు తండ్రి, చీరల వ్యాపారి. మూటలతో పత్థర్‌గట్టీ బట్టల కొట్లకు వెళ్ళివచ్చేవారు. పదేళ్ళ వయసులో ఒకసారి అమ్మ ఆయన వెంట వెళ్ళింది. మక్కా మస్జిదు ముంగిట కూర్చుని తండ్రి నమాజు ముగించి వచ్చేదాకా పావురాలను చూసినట్టు ఆమెకు జ్ఞాపకం. ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించవు. ప్రయాణం మాట వచ్చినప్పుడు ఆమె కోరినదొక్కటే, ఆ మస్జిదు అజాన్ వినిపించే చోట రెండు రాత్రులు ఉండాలని. ఈ కోరికను అద్దె లెక్కలో ఎక్కడ వేయాలో మాకు తెలియలేదు. అందువల్లనే పేట ముందుకు వచ్చింది.

దిగే చోటు చిన్న విషయం కాదని మన చరిత్రలోనే ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) హిజ్రత్ సమయంలో ముందు ఖుబాలో ఆగి, అక్కడి నుంచి మదీనాలో ప్రవేశించారు. దారి పొడవునా ఒక్కొక్క తెగవారు ఎదురువచ్చి తమ వాడలోనే దిగమని ఒంటె పగ్గం పట్టుకున్నారు. ఎవరి మాట తోసివేసినా ఒకరి మనసు నొచ్చుకునే సందర్భం. ఒంటెను దాని దారిన వదలమని, దానికి ఆజ్ఞ అయి ఉన్నదని ఆయన (స) సెలవిచ్చారు. అది ఇద్దరు అనాథ బాలుర స్థలం వద్ద మోకాళ్ళు వంచింది. మస్జిదె నబవీ వెలసినది ఆ స్థలంలోనే. దానికి దగ్గరగా ఉన్న హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గారి ఇంట ఆయన బస చేశారు. ఆ ఇంటికి రెండు అంతస్తులు. కింది భాగమే తమకు సౌకర్యమని ప్రవక్త (స) అందులో దిగారు. దైవప్రవక్త తలపైన తాము నడవడమా అని అబూ అయ్యూబ్ దంపతులకు రాత్రి నిద్ర పట్టలేదు. పట్టుబట్టి తరువాత ఆయనను పై భాగానికి మార్పించారు. కింది అంతస్తు సౌకర్యమన్న మాట మాకు మోకాళ్ళ నొప్పులున్న తల్లిని వెంటబెట్టుకుని గది వెదికేటప్పుడు బాగా గుర్తుకు వచ్చింది.

పగ్గం పట్టుకున్నవారు మాకూ ఉన్నారు. మా మామయ్య, అమ్మకు సొంత తమ్ముడు, కూకట్‌పల్లిలో ఉంటారు. “సొంత తమ్ముడి ఇల్లు ఉండగా లాడ్జీలో దిగుతావా అక్కా? బంధువులు నన్నేమనుకుంటారు?” అని ఫోనులోనే గొంతు పెంచారు. మన కుటుంబాలలో ఇది తేలికైన సమస్య కాదు. ఊళ్ళో తమ్ముడుండగా అద్దె గదిలో దిగడమంటే అనుబంధంలో ఏదో లోటు వచ్చిందన్న మాట. మరోపక్క ఆయనది రెండు గదుల ఇల్లు, పిల్లలకు పరీక్షల కాలం, మేము ఆరుగురం. అతిథి మర్యాద మూడు రోజులనీ, ఇంటివారిని ఇబ్బందిపెట్టేంతగా అతిథి ఉండిపోరాదనీ ప్రవక్త (స) బోధ. అక్కడి నుంచి చార్మినారుకు దాదాపు ఇరవై కిలోమీటర్లు. రోజూ అంత దూరం పోయి రావడం అమ్మ వల్ల అయ్యే పని కాదు. చివరకు అమ్మే తేల్చింది. “మొదటి పూట అన్నం నీ ఇంట్లోనే తింటానురా. పడక మాత్రం మస్జిదు దగ్గర” అన్నది. ఆయన కోపం ఆ భోజనం దాకా నిలిచింది, ఆ తరువాత లేదు.

ఇక నగరం సంగతి. హైదరాబాదును అర్థం చేసుకోవడానికి మూసీ నదిని గీతగా గీసుకుంటే చాలు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో, పురానాపుల్ కట్టడంతో గోల్కొండ నుంచి నది దాటడం సులభమయింది. ఆయన కుమారుడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో నదికి దక్షిణాన చార్మినార్ నడిమి కట్టడంగా కొత్త నగరాన్ని నెలకొల్పాడు. హిజ్రీ లెక్కలో వెయ్యి నిండుతున్న కాలమది. నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి, పై అంతస్తులో మస్జిదు ఉంది. మక్కా మస్జిదు పని ఆయన తరువాతి సుల్తాను ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై, కుతుబ్‌షాహీలు పోయి మొఘలులు వచ్చాక, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. ఉత్తరపు ఒడ్డు తరువాతి కాలానిది. 1806లో సికిందరాబాదు దండు వెలసింది, 1874లో అక్కడికి రైలు వచ్చింది, 1907లో నాంపల్లి స్టేషను వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను తీసుకుపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఆనాడు సుమారు నూటయాభై మంది బతికి బయటపడ్డారని చెబుతారు. వరద తరువాతనే నగరాన్ని తిరిగి దిద్దే పని సాగింది. పత్థర్‌గట్టీ రాతి కమానుల అంగళ్ళు ఆ దిద్దుబాటులో భాగమే. పడమటన హైటెక్ సిటీ పుట్టింది 1998లో.

ఈ నాలుగు వందల ఏళ్ళ పొరలలో దేనిమీద పడుకుంటామన్నదే పేట ఎంపిక.

పడమటి వైపు, అంటే గచ్చిబౌలి, హైటెక్ సిటీ ప్రాంతాలలో గదులు శుభ్రంగా ఉంటాయి, లిఫ్టు ఉంటుంది, నీళ్ళకు లోటుండదు. మా అబ్బాయి మొగ్గు అటే. ఆఫీసు పనిమీద వచ్చేవారికి అది సరైన చోటే. పాత నగరం చూడడానికి వచ్చినవారు మాత్రం సాయంత్రపు రద్దీలో గంటకు పైగా దారిలోనే ఉంటారు. అస్ర్ ఎక్కడ, మగ్రిబ్ ఎక్కడ అని వెదుక్కోవలసి వస్తుంది. ఆ వైపున ఒక హోటలుకు ఫోను చేసినప్పుడు గదులున్నాయన్న మనిషి, పేర్లు చెప్పగానే ఒక్క నిమిషం ఆగమని, తిరిగి వచ్చి అన్నీ నిండిపోయాయన్నాడు. నిజంగానే నిండాయేమో. సాక్ష్యం లేని అనుమానాన్ని పెంచుకోరాదని అమ్మ మందలించింది. అబ్బాయి మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఇలాంటి అనుభవం మన పాఠకులలో ఎందరికో ఉండే ఉంటుంది. దిగే పేటను ఎంచుకోవడంలో అదీ ఒక లెక్కగా చేరడం బాధ కలిగించే విషయమే. పేరు చెప్పడానికి గొంతు తగ్గించనవసరం లేని చోట నిద్ర బాగా పడుతుంది.

సికిందరాబాదు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గుంటూరు వైపు బండ్లకు అనుకూలం, అర్ధరాత్రి దిగినా గది దొరుకుతుంది. తెల్లవారుజామున తిరుగు బండి ఉన్నవారు చివరి రాత్రి అక్కడ గడపడం మంచిది. అంతకు మించి పాత నగరానికి దానితో పని లేదు.

మెహదీపట్నం, టోలీచౌకీల విషయం వేరు. మన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలు. వీధి వీధికీ మస్జిదు, హలాల్ భోజనానికి వెదుకులాట లేదు, వంటగదితో కూడిన గదులూ రోజువారీ అద్దెకు దొరుకుతాయి. పసిపిల్లలకు పాలు కాచుకోవలసినవారికి, వారం పాటు ఉండదలచినవారికి ఇంతకంటే అనుకూలమైన చోటు లేదని మా అభిప్రాయం. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు దగ్గర. కోటను ఎండ ఎక్కకముందే ఎక్కాలి, బాలా హిసార్ దాకా వందల మెట్లున్నాయి. శంషాబాదు విమానాశ్రయానికీ మెహదీపట్నం నుంచి పైవంతెన దారి ఉంది. ఉమ్రాకు వెళ్ళేవారిని సాగనంపడానికి వచ్చిన బంధువులు ఇక్కడే దిగడం అందుకే. అయితే ఇక్కడి నుంచి చార్మినార్ చేరడం సాయంత్రంపూట సహనానికి పరీక్ష.

నాంపల్లి మధ్యేమార్గం. పాత స్టేషను, దాని చుట్టూ అన్ని ధరలలోను లాడ్జీలు, యూసుఫైన్ దర్గా వీధులు, కొంచెం ఆవల పబ్లిక్ గార్డెన్స్‌లో షాహీ మస్జిదు, ఇటువైపు 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు. మెట్రో ఎక్కితే నాంపల్లి నుంచి మూడో స్టేషను ఎంజీబీఎస్. అక్కడ దిగి ఆటోలో నయాపుల్ దాటితే పాత నగరమే. నడవలేని పెద్దలు లేకుండా, యువకులు నలుగురు కలిసి వస్తే మేము నాంపల్లే చెబుతాం. లాడ్జీలలో మంచివీ చెడ్డవీ పక్కపక్కనే ఉంటాయి కనుక గది చూడకుండా డబ్బు కట్టవద్దు.

మేము దిగింది నయాపుల్ దాటిన తరువాత, మదీనా కూడలికి దారుల్‌షిఫాకు నడుమ ఒక సందులో. దారుల్‌షిఫా అంటే స్వస్థతా గృహం. 1595లో ముహమ్మద్ కులీ అక్కడ కట్టించిన వైద్యశాల పేరే పేటకు నిలిచిపోయింది. చార్మినారుకు అక్కడి నుంచి కిలోమీటరుకు అటూ ఇటూ. సాలార్‌జంగ్ మ్యూజియం అంతకంటే దగ్గర. చార్మినార్ నీడలోనే గది తీసుకోవచ్చు కదా అని అడగవచ్చు. అక్కడ బసలు తక్కువ, ఉన్నవాటిలో చాలావాటికి ఇరుకు మెట్లే దారి. వాహనాలు దగ్గరకు రావు కనుక సామానుతో, పెద్దవాళ్ళతో నడిచి పోవాలి. నది ఒడ్డుకు దగ్గరగా ఉంటే ఆటో గుమ్మం ముందుకు వస్తుంది, మస్జిదూ అందుబాటులో ఉంటుంది.

గది విషయంలో మేము పట్టుబట్టినవి రెండే. ఒకటి కింది అంతస్తు. రెండోది, ముఖ్యరహదారి మీద కాక లోపలి సందులో. రాత్రి మజిలీ చేసేటప్పుడు దారిమీద దిగవద్దనీ, రాత్రివేళ అది జంతువులు, పురుగులు తిరిగే చోటనీ ప్రవక్త (స) ప్రయాణికులకు చెప్పిన మాట హదీసులలో ఉంది. ఇప్పటి దారిమీద తిరిగేవి మోటారు సైకిళ్ళు. పాత నగరం పొద్దుపోయేదాకా మేలుకొని ఉంటుంది. దుకాణాలు తెరిచేది పగలు పదకొండుకు, మూసేది రాత్రి పదకొండు తరువాత. రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో దిగినవారు ఫజ్ర్‌కు లేవడం కష్టం. మా గది వెనుకవైపుది. గోడలకు రంగు వేసి చాలా కాలమయినట్టుంది, మరుగుదొడ్డి తలుపు సరిగా పడదు, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చి ఇచ్చారు. అబ్బాయి మొదటి రాత్రి మొహం ముడుచుకునే పడుకున్నాడు.

మరునాడు ఫజ్ర్ కంటే ముందు అతడే లేచాడు. అజాన్ ఒకటి కాదు, దగ్గరి మస్జిదులవి, దూరపువి ఒకదానివెంట ఒకటి అల్లుకుంటూ వచ్చాయి. అందులో మక్కా మస్జిదుది ఏదో మాకెవరికీ తేల్చిచెప్పడం రాలేదు. అమ్మ మాత్రం ఇదే అని వేలు చూపించింది. మగవాళ్ళం నడిచి వెళ్ళాం. పగలు మనిషిని మనిషి తోసుకుంటూ పోయే పత్థర్‌గట్టీ వీధి ఆ వేళ ఖాళీగా ఉంది. రాతి కమానులు మొదటిసారి పూర్తిగా కనిపించాయి, ఎందుకంటే వాటి ముందు వేలాడే బట్టలు లేవు. గుల్జార్ హౌజ్ దగ్గర నాలుగు కమానులనూ ఒకే చోట నిలబడి చూడగలిగాం. నమాజు తరువాత మస్జిదు ముంగిట గింజలకు దిగిన పావురాలు, నహారీ అంగడి ముందు గిన్నెలతో నిలబడ్డ మనుషులు, బట్టీలోంచి తీసిన కుల్చాలను బట్టలో చుట్టుకుని ఇంటికి పోతున్న పిల్లలు. ఇదంతా ఏడున్నరకల్లా ముగిసిపోయే ప్రపంచం. గచ్చిబౌలిలో దిగినవారు అల్పాహారం ముగించి బయలుదేరే సమయానికి అది ఉండదు.

అమ్మను అస్ర్ వేళకు ఆటోలో తీసుకువెళ్ళాం. ఆవరణలో కొలను పక్కనున్న రాతి బల్లమీద కూర్చున్నది. దానిమీద కూర్చున్నవారు మళ్ళీ ఈ నగరానికి వస్తారనే మాట ఒకటి ప్రచారంలో ఉంది. రాతికి అలాంటి శక్తి లేదని మన విశ్వాసం, రాకపోకలు అల్లాహ్ చేతిలోనివి. అమ్మ కూర్చున్నది మోకాళ్ళ నొప్పికి. ఆసఫ్‌జాహీ పాలకుల సమాధులు అక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. ఆమె వాటివైపు ఒకసారి చూసి, సలాం చెప్పి, పావురాలవైపు తిరిగింది. గంటసేపు కదలలేదు. దగ్గర దిగినందువల్ల కలిగిన లాభం ఇదే. ఆమెను లెమ్మని తొందరపెట్టవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. మగ్రిబ్ అయ్యాక గదికి పది నిమిషాలు.

వారం లెక్క కూడా ముందే చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా పాలెస్‌కూ శుక్రవారం సెలవు. బయటినుంచి వచ్చేవారు చాలామంది తెలియక ఆ రోజే వచ్చి గేటు దగ్గర నుంచి మరలిపోతారు. మేము మ్యూజియాన్ని గురువారం ఉదయమే చూశాం. 1951లో తెరిచిన ఈ సంగ్రహాలయంలో గడియారం కొట్టే బొమ్మ చుట్టూ చేరే జనం ఖురాన్ ప్రతుల గదిలో కనిపించరు. ప్రఖ్యాత లిపికారుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ చేతివ్రాతగా పేరొందిన ప్రతి, దానిమీద మొఘలు చక్రవర్తుల సంతకాలు ఉన్నవి ఇక్కడే. పిల్లలను ముందు అక్కడికి, తరువాత గడియారం దగ్గరికి తీసుకుపోవడం మంచిది. క్రమం మారితే మొదటిదానికి ఓపిక మిగలదు. శుక్రవారాన్ని జుమాకు వదిలిపెట్టాం. ఆ రోజు మధ్యాహ్నం మక్కా మస్జిదు చుట్టూ వీధులు నమాజీలతో నిండిపోయి వాహనాలు నిలిచిపోతాయి. దూరం నుంచి కారులో వచ్చినవారు మదీనా కూడలి దగ్గరే చిక్కుకుంటారు. మేము నడిచి వెళ్ళి నడిచి వచ్చాం.

ప్రయాణంలో నమాజు విషయమై ఇంట్లో చర్చ జరిగింది. మంగళగిరి నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల లోపు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల దూరానికి బయలుదేరి, చేరినచోట పదిహేను రోజులకంటే తక్కువ ఉండదలచినవారు ప్రయాణికులే. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు నాలుగుకు బదులు రెండు రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. అయితే స్థానిక ఇమాం వెనుక జమాఅత్‌లో చేరినవారు ఆయనతోపాటు నాలుగూ చేయాలి. కాబట్టి గదిలో చేసిన ఆడవారు రెండు రకాతులు చేస్తే, అదే జుహ్ర్‌ను మస్జిదులో చేసిన మగవారు నాలుగు చేశారు. పిల్లలు దీన్ని విచిత్రంగా చూసి అడిగారు. వివరించడానికి మంచి అవకాశం దొరికింది. ఆడవారికి నమాజు చోటు అన్ని మస్జిదులలోను ఉండదు. కనుక పగలు బయట తిరిగే కుటుంబానికి మధ్యాహ్నం వెనుదిరిగి చేరుకోగలిగినంత దూరంలో గది ఉండడం వుజూకు, విశ్రాంతికి, నమాజుకు మూడింటికీ అవసరం. మక్కాలో అజీజియాలో దిగిన హాజీలనడిగితే ఈ మాట ఇంకా బాగా చెబుతారు. అక్కడి నుంచి హరమ్‌కు బస్సు కోసం నిలబడినవారికి దూరమంటే ఏమిటో తెలుసు.

పాత పేటలో దిగడానికి మరో పక్షం కూడా ఉంది. అది అక్కడ నివసించేవారి పక్షం. జపాన్‌లోని క్యోటో 794లో రాజధాని అయిన నగరం. అక్కడికి వెళ్ళేవారికీ ఇదే ప్రశ్న, కొయ్య ఇళ్ళ పాత వాడలలో దిగాలా, స్టేషను దగ్గర దిగాలా అని. ఆ వాడలలో ఒకటైన గియోన్‌లో సందర్శకుల తాకిడి తట్టుకోలేక, 2024లో ప్రైవేటు సందులలోకి వారు రాకూడదని స్థానికులు నిషేధం పెట్టి, మీరినవారికి పదివేల యెన్‌ల జరిమానా ప్రకటించారు. మన పాత నగరం ఇంకా ఆ స్థితికి రాలేదు. కానీ మా సందులోనే, గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న ముసలావిడను అడగకుండా ఫోటో తీస్తున్న ఒక బృందాన్ని చూశాం. ఆమె కొంగు ముఖానికి అడ్డుపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. దారిలో కూర్చునేవారు చూపు దించుకోవాలి, ఎవరికీ ఇబ్బంది కలిగించరాదు, సలాంకు బదులివ్వాలి అని ప్రవక్త (స) చెప్పిన హక్కులు బాటసారులకూ వర్తిస్తాయని మేమనుకుంటాం. మా బసకు ఎదురింటి గృహిణి రెండో రోజు అమ్మకు నడుముకు ఆనించుకోవడానికి దిండు పంపించింది. వెళ్ళేముందు అమ్మ తన సంచిలోంచి ఒక మంగళగిరి చీర తీసి ఇచ్చింది. ఆమె అంచు చూసి నిజాం బోర్డరు అని తానే గుర్తుపట్టింది.

పాత నగరంలో దిగదలచినవారు ఫోనులో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గది ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేస్తుందా, కిటికీ రోడ్డు వైపా వెనుకకా, మరుగుదొడ్డి పాశ్చాత్య పద్ధతిదా కాదా, రాత్రి ఎన్నింటికి తలుపు మూస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి మొదటి రెండూ, మరుగుదొడ్డి సంగతీ తక్కిన వాటికంటే ముఖ్యం. పండుగలు, ప్రదర్శనల కాలం కూడా చూసుకోవాలి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ జరుగుతుంది కనుక అక్కడి గదులు కష్టం. రంజాన్ మాసంలో చార్మినార్ చుట్టూ రాత్రికీ పగలుకూ తేడా ఉండదు. తరావీహ్, హలీం, బజారు కలిసి సహ్రీ దాకా సాగుతాయి. చూడదగిన కాలమే, కానీ పసిపిల్లలతో, పెద్దలతో ఆ నెలలో వచ్చేవారు నది దాటకుండా నాంపల్లిలోనో, కొంచెం దూరమైనా టోలీచౌకీలోనో దిగి, ఇఫ్తార్ ముగిసిన తరువాత మెట్రోలోనో ఆటోలోనో ఒక్కసారి వచ్చి వెళ్ళడం మేలు. మా అబ్బాయి మాత్రం వచ్చే రంజాన్‌కు అదే సందులో గది అడిగి పెట్టాడు, ఈసారి పై అంతస్తులో.